ఫత్తూహ్ ఎత్తుకున్న ఆఖరి చీటీ

మా వీధిలో ఎవరి పరువు ఎంతో తెలుసుకోవడానికి కోర్టుకో బ్యాంకుకో వెళ్లక్కర్లేదు. హజ్ చేసొచ్చిన పెద్దావిడ హాగ్గా నేమత్ నడిపే చీటీలో అతని వంతు ఎన్నోదో అడిగితే చాలు. మేం దాన్ని గమెయ్యా అంటాం. పాట లేదు, వడ్డీ లేదు, రాతకోతలు అసలే లేవు. అందరూ నెలనెలా సమానంగా వేస్తారు, నెలకొకరు మొత్తం ఎత్తుకుంటారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది హాగ్గా నోటి మాట. ఇంట్లో పెళ్లో ఆపరేషనో ఉన్నవాళ్లని ముందుకు జరుపుతుంది. కానీ ఆ మాట ఇచ్చేముందు మనిషి మొహంలోకి ఒకసారి తేరిపార చూస్తుంది. ముందు ఎత్తుకున్నవాడు తర్వాతి నెలల్లో ఎగ్గొడితే ఆ లోటు ఆవిడే తన చేతి నుంచి పూడ్చాలి మరి. చీటీ నడిపేవాళ్ల ధర్మం అది. అలా మొహంలోకి చూసి కూడా ఆవిడ మోసపోయిందని వీధి చెప్పుకునేది ఒకే ఒక్కసారి. ఆ మొహం ఫత్తూహ్‌ది.

నా పేరు సబ్రీ. వీధి మొదట్లో ఇస్త్రీ దుకాణం నాది. ఈజిప్టులో మా ఊరు దుమ్యాత్‌లో సగం మంది మంచాలూ కుర్చీలూ చేస్తారు, మిగతా సగం మంది వాటిని అమ్ముతారు. నాలాంటి వాళ్లం వాళ్ల చొక్కాల్లోంచి రంపప్పొట్టు దులుపుతూ బతుకుతాం. నాకు నోటి దురుసు ఎక్కువని పేరు. రోజంతా వేడి ఇస్త్రీపెట్టె ముందు నిలబడి చూడండి, మీకూ వస్తుంది.

ఫత్తూహ్ లక్క పాలిష్ మేస్త్రి. అతను రుద్దిన బల్లలో మొహం చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు. ఒక పెద్ద కార్ఖానాలో పని, వారం వారం కూలి, పిల్లల్లేరు, ఇంట్లో భార్య సమీహా. సమీహాది గట్టి చెయ్యి. పావుకిలో పంచదార కొన్నా తూకం ముల్లు వైపే చూసే మనిషి. మొగుడిది పూర్తిగా ఎదురు. టీ దుకాణంలో నలుగురు కూర్చుంటే నలుగురి టీ అతని ఖాతాలోనే. ఎవరైనా జేబులో చెయ్యి పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేసేవాడు. అలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంటే కానీ, ఆ టీలు నేనూ తాగాను. దాచుకోవడం దేనికి?

ఒక ఏడాది అతనికి సొంతంగా కొట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది. పుట్టడానికి కారణం దక్షిణాది సయీద్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. కొడుకు పెళ్లికి పడకగది సామాను మొత్తం చేయించాలని వచ్చాడు. మంచం, అద్దం బల్ల, బీరువా, అన్నిటికీ బంగారు రంగు పూత. మధ్యాహ్నం ఫత్తూహ్ ఇంట్లోనే చేప, అన్నం తిన్నాడు. తిన్నాడు కాబట్టి ఫత్తూహ్ అడ్వాన్సు అడగలేదు.

"మన ఇంట్లో ఉప్పు తిన్న మనిషిని డబ్బు ముందు పెట్టమని ఎట్లా అడుగుతాను బాబాయ్? నాకు నోరు రాలేదు," అన్నాడు నాతో.

"తినకముందు అడగాల్సింది," అన్నాను.

ఇక్కడ మాకందరికీ ఉన్న జబ్బే అది. కత్తి పెట్టి బెదిరించినా పైసా ఇవ్వం, మన పళ్లెంలో చెయ్యి పెట్టినవాడికి ఇల్లు రాసిచ్చేస్తాం. సమీహా తనే వెళ్లి హాగ్గా నేమత్‌ని అడిగింది, మావాడికి మొదటి వంతు ఇవ్వండి, నాది పూచీ అని. హాగ్గా ఫత్తూహ్ మొహంలోకి చూసి సరేనంది. చీటీ డబ్బంతా చెక్కకి పోయింది. కార్ఖానాలో పని మానేశాడు. సామాను తయారయ్యేసరికి మా దేశపు డబ్బు గినీ విలువ పడిపోయింది, ఊళ్లో ధరలన్నీ నెత్తికెక్కాయి, ఆ సయీద్ పెద్దమనిషి కొడుకు పెళ్లి చెడిపోయింది. పెద్దమనిషి ఫోను ఎత్తడం మానేశాడు. బంగారు పూత మంచం కొట్టు నిండా పరుచుకుని కూర్చుంది. దాని మీద ఫత్తూహ్ పడుకునేవాడు కూడా కాదు, మాసిపోతుందని.

అక్కడితో ఆగినా బాగుండేది. హాగ్గా చీటీకి నెలనెలా కట్టడానికి అతను చేపల బజారు వీధిలో ఇంకో చీటీలో చేరి, అక్కడ కల్లబొల్లి కబుర్లు చెప్పి ముందు వంతు ఎత్తుకున్నాడు. ఆ డబ్బు తెచ్చి దీనికి కట్టాడు. తర్వాత దానికి కట్టడానికి మంచం, బీరువా చెక్క ధరకి అమ్మేశాడు. తర్వాత అమ్మడానికి ఏమీ లేదు. రెండు వీధులూ ఒకే వారంలో అతని గుమ్మం ముందుకు వచ్చాయి.

హాగ్గా అరవలేదు. బజారుకి వెళ్లి తన రెండు చేతుల గాజులూ అమ్మి మా అందరి చీటీ పూర్తి చేసింది. తిరిగొస్తూ నా దుకాణం ముందు కాసేపు కూర్చుని మంచినీళ్లు అడిగింది. ఉత్త మణికట్లు చూస్తూ గ్లాసు ఇచ్చాను.

సమీహా ఆ వారమే మన్సూరాలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. విడాకులు అనలేదు, తిట్టలేదు. మా అందరూ వింటుండగానే మినీబస్సు ఎక్కుతూ ఒక మాట చెప్పింది.

"ఈ వీధిలో నేను తలెత్తుకుని నడిచే రోజొస్తే కబురు పెట్టు, వస్తా. పూచీ ఇచ్చింది నేను, నువ్వు కాదు."

ఇక అప్పటి నుంచి ఆ మనిషికి కావలసింది ఆ ఒక్కటే. ఆ రోజు రావాలి.

కానీ ఎట్లా వస్తుంది? వెళ్లి అడుగుదామంటే పాత కార్ఖానా మూసేశారు. చాలా కార్ఖానాలు మూసేశారు. పని లేక పొద్దున్నే గుమ్మంలో కూర్చునేవాడు. అప్పు ఎగ్గొట్టిన మనిషిని జనం తిడతారని మీరనుకుంటారు. తిట్టరు. తిడితే మాట కలిసినట్టేగా. అతను ఎదురైతే చేతిలో ఫోను చూసుకుంటూ పక్కకి జరిగేవాళ్లు, ఎక్కడ అడుగుతాడోనని. అతను సలాం చెబితే సగం సలామే తిరిగొచ్చేది. టీ దుకాణంవాడు గ్లాసు పెట్టేముందే డబ్బులకి చెయ్యి చాపేవాడు. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాడు. మా దగ్గర పెళ్లికి వెళ్తే చదివింపులు చదివించాలి, అవి రేపు మన ఇంట్లో శుభకార్యానికి తిరిగొస్తాయి. ఇవ్వడానికి లేనివాడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? కొన్నాళ్లకి పిలుపులే మానేశారు. మనిషి మంచివాడేనని అందరూ అనేవాళ్లు. ఆ మంచివాడిని ఇంటికి మాత్రం ఎవరూ రానివ్వలేదు.

రంజాన్‌లో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఉపవాసం విడిచే వేళ ఫిరంగి పేలింది, వీధి వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, ప్రతి కిటికీలోంచి చెంచాల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అతను తన బాల్కనీలో నిలబడి ఒక ఖర్జూరం నోట్లో పెట్టుకుని, గింజ చేతిలో పట్టుకుని, ఆ చప్పుడు వింటున్నాడు. కింది నుంచి పిలిచాను, రా, సూప్ ఉంది అని. కడుపు నిండిందన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, దాంతో ఇంట్లోకి వెళ్లి మా ఆవిడ మీద అరిచాను.

పండగ తర్వాత అతను చేతిసంచీలో లక్క, స్పిరిట్, గుడ్డలు వేసుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. విరిగిన కుర్చీ కాలు, గీతలు పడ్డ బల్ల, ఏదైనా సరే. మా వీధిలో కాదు. మా వీధిలో ఎవరు తలుపు తీస్తారు? నది అవతలికి వెళ్లేవాడు. వచ్చిన దాంట్లో మొదట చేపల బజారువాళ్లకి, తర్వాత హాగ్గాకి. ఒకసారి ధైర్యం చేసి పాలిష్ కొట్టే మెషీను వాయిదాల మీద కొందామని వెళ్లాడు. చేత్తో రుద్దితే రోజంతా పట్టే పని ఆ మెషీనుతో పూటలో అయిపోతుంది. తిరిగొచ్చి నా బల్ల మీద చేతులానించి నవ్వాడు.

"కౌంటర్లో కుర్రమ్మాయి బాబాయ్. నా గుర్తింపు కార్డు నంబరు కొట్టింది, కంప్యూటర్లో చూసింది. 'తాతా, మీ పేరు బాలేదు' అంది."

"తాతా అందా?"

"అదే ముందు గుచ్చుకుంది. ఎప్పటికి బాగవుతుందమ్మా అని అడిగా. 'ఏదైనా అప్పు తీసుకుని టైముకి కడుతూ ఉంటే బాగవుతుంది' అంది. మరి అప్పు ఇవ్వమ్మా అన్నా. 'పేరు బాగుంటేనే ఇస్తాం' అంది."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వు అయిపోయాక అతనికి వెళ్లాలనిపించలేదు, నాకు పంపాలనిపించలేదు. ఇస్త్రీ చేసిన చొక్కాలనే మళ్లీ చేశాను.

ఏళ్లు పట్టింది. హాగ్గా పోగొట్టుకున్న డబ్బంతా తీర్చేశాడు. ఆవిడ చాలు నాయనా, సరిపోయింది అంది. సరిపోలేదన్నాడు. మీరు పోగొట్టుకుంది గినీలు కాదు, గాజులు, ఆ గినీలకి ఇప్పుడు గాజులో ముక్క కూడా రాదు అన్నాడు. ఇంకా కొన్నాళ్లు తిరిగి, సన్నదే అయినా ఒక గాజు కొని తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చేతికి వేసుకుంది. అప్పుడు అడిగాడు.

"వచ్చే చీటీలో నా పేరు వెయ్యి హాగ్గా. ఎన్నో వంతైనా సరే."

ఈ సంగతి తెలిసి మా వీధిలో చిన్న తిరుగుబాటు లేచింది. దానికి నాయకుడు మిద్హత్. ఎగుమతుల ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం, రోజుకో చొక్కా, మడత నలిగితే వెనక్కి పంపేవాడు. నేనతన్ని దొరగారూ అన్నట్టు ఎఫెండీ అని పిలిచేవాణ్ణి, అతను దాన్ని మర్యాద అనుకునేవాడు.

"పాముకి పాలు పొయ్యడం కాదా ఇది? ఒకసారి ముంచినవాడు రెండోసారి ముంచడా?" అని నా దుకాణం ముందు నిలబడి అందరికీ వినిపించేలా అన్నాడు. ఫత్తూహ్ అక్కడే, తన చొక్కా కోసం నిలబడి ఉన్నాడు.

నా గుమ్మం పక్కన కూర్చున్న హాగ్గా కుర్చీలోంచే సమాధానం చెప్పింది. "ఆఖరి వంతు ఇస్తున్నా. అందరూ ఎత్తుకున్నాక ఎత్తుకుంటాడు. పారిపోతే తన డబ్బుతోనే పారిపోతాడు. ఇంకేమైనా ఉందా మిద్హత్?"

ఇంకేమీ లేదు. మిద్హత్ మాత్రం ఆ చీటీలో రెండు పేర్లు వేసుకున్నాడు, కూతురి బడి ఫీజులకి. రెండు పేర్లంటే రెండింతలు కట్టాలి, రెండు వంతులు వస్తాయి. రెండూ ముందు నెలల్లోనే ఎత్తుకున్నాడు. ఉద్యోగస్తుడాయె, ఎవరు కాదంటారు?

ఫత్తూహ్ ప్రతి నెలా మొదటి తారీఖున, హాగ్గా పొద్దుటి టీ తాగకముందే వెళ్లి డబ్బిచ్చేవాడు. ఆవిడ విసుక్కునేది, "నన్ను పళ్లన్నా తోముకోనీ నాయనా" అని. వంతు దగ్గరపడేకొద్దీ అతని నడకే మారింది. ఆ డబ్బుతో మెషీను కొంటాడు, ఇంటికి సున్నం వేయిస్తాడు. అన్నిటికంటే ముందు, ఎత్తుకునే రోజున సమీహా వస్తుంది. చీటీ ఎత్తుకోవడం మా దగ్గర చాటున జరిగే పని కాదు. జుమా నమాజు అయ్యాక నా దుకాణం ముందు కుర్చీలు వేస్తాం, హాగ్గా అందరి ముందూ డబ్బు చేతికిస్తుంది, తీసుకున్నవాడు గట్టిగా లెక్కపెట్టి సరిపోయింది అంటాడు, ముబారక్ చెప్పి మిఠాయి తింటాం. మన్సూరాకి కబురు పెట్టాడు. వస్తానంది.

ఈలోగా నా కంట ఇంకో సంగతి పడింది. మిద్హత్ చొక్కాలు తగ్గాయి. రోజుకొకటి వారానికి రెండయ్యాయి, తర్వాత ఒకటి. ఆ ఒక్కటే వేసుకుని రోజూ పొద్దున్నే బ్యాగు పట్టుకుని బయలుదేరేవాడు. ఒకరోజు నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తూ చూశాను, నది ఒడ్డున బెంచీ మీద, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు ఎఫెండీ. ఆఫీసు మూసేశారని తర్వాత తెలిసింది. భార్య ఈనాస్‌కి కూడా చెప్పలేదు.

ఆఖరి శుక్రవారానికి ముందు రోజు మధ్యాహ్నం హాగ్గా కర్ర పొడుచుకుంటూ నా దుకాణానికి వచ్చింది. ఫత్తూహ్ ఇంటి మెట్లు ఎక్కలేక అతన్ని నా దగ్గరికే పిలిపించింది. నన్ను బయటికి వెళ్లమంది. ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది, ఎట్లా వెళ్తానన్నాను.

"అయితే నోరు మూసుకుని విను," అంది. "ఫత్తూహ్, మిద్హత్ చాలా నెలలుగా కట్టలేదు. పనిపోయిందట. నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. ఇన్నాళ్లూ నేను నా కఫన్‌కి, చచ్చాక కప్పే గుడ్డకి దాచుకున్న డబ్బుతో పూడ్చాను. అదీ అయిపోయింది. ఈసారి అతని రెండు భాగాలూ లేవు. ఈ గాజు అమ్మి వేస్తాను, రేపు నీ లెక్క నీకు వస్తుంది. గాజు నువ్వు తెచ్చిందే కాబట్టి ముందు నీకు చెప్పాలనిపించింది."

ఫత్తూహ్ ఆవిడ చేతికున్న గాజు వైపు చూశాడు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "రేపు అందరి ముందూ వాడి పేరు చదవండి! పాములూ పాలూ అన్నాడు కదా! ఎఫెండీ ముంచాడని వీధంతా వినాలి!"

"గాజు తియ్యొద్దు," అన్నాడు ఫత్తూహ్. "రేపొచ్చే దాంట్లోంచి ముందు నీ కఫన్ డబ్బు నువ్వు తీసుకో. మిగిలింది నాకివ్వు. నిండుగా ముట్టిందని చెప్తా. అతను మెల్లగా నీకు తీర్చుకుంటాడు, నువ్వు నాకిద్దువుగాని."

హాగ్గాకి కోపం వచ్చింది. ఆవిడకి కోపం రావడం నేను చూసింది అదే. "వాడి తప్పు నువ్వు దాస్తావా? నీ తప్పు ఎవరు దాచారురా?"

"ఎవరూ దాచలేదు హాగ్గా. అందుకే."

ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చుండిపోయింది. లేచి వెళ్లేముందు నా వైపు తిరిగి, ఖురాన్ మీద ఒట్టు వేయించుకుంది, ఈ మాట నా పళ్లు దాటకూడదని. నా నోటి సంగతి వీధి మొత్తానికీ తెలుసు, ఆవిడకి ఇంకా బాగా తెలుసు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? హాగ్గా పోయింది. ఎఫెండీ కుటుంబాన్ని తీసుకుని అలెగ్జాండ్రియా వెళ్లిపోయాడు, వెళ్లేముందు బాకీ అంతా తీర్చాడు. ఇక ఎవరికీ నష్టం లేదు.

శుక్రవారం ఫత్తూహ్ పొడుగాటి తెల్ల అంగీ గలాబియాకి నేను గంజి పెట్టి ఇస్త్రీ చేశాను, డబ్బు తీసుకోలేదు. సమీహా మినీబస్సు దిగి, చేతిలో చిన్న సంచీతో, ఆడవాళ్ల మధ్య కుర్చీలో కూర్చుంది. జుట్టు కనబడనివ్వని బూడిదరంగు ముసుగు, కాస్త చిక్కింది. తల మాత్రం ఎత్తే ఉంది. హాగ్గా పెద్ద నోట్లన్నీ మార్చి చిల్లర నోట్లు చేసిందట, కట్ట లావుగా కనబడాలని. రుమాల్లో చుట్టి అతని చేతికిచ్చింది.

ఫత్తూహ్ ఆ పొట్లం అట్లాగే జేబులో పెట్టుకున్నాడు.

"లెక్కపెట్టు మేస్త్రీ!" అని అరిచాడు టీ దుకాణంవాడు.

"హాగ్గా చేతి నుంచి వచ్చిందానికి లెక్కేంటయ్యా? నిండుగా ఉంది. అందరికీ అల్లా మేలు చేయుగాక."

కొందరు ముబారక్ అన్నారు. కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిద్హత్ చివరి కుర్చీలో, బ్యాగు లేకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. నేను అతని వైపు చూడలేదు, చూస్తే నా ఒట్టు ఏమయ్యేదో. జిలేబీలాంటి మిషబ్బిక్ పళ్లెం తిరిగింది. తియ్యగా ఉందో చేదుగా ఉందో నాకు తెలియలేదు.

జనం పలచబడ్డాక సమీహా లేచి అతని దగ్గరికి వచ్చింది. నేను మూడడుగుల దూరంలో బల్ల సర్దుతున్నాను.

"లెక్కపెట్టలేదేం?"

"హాగ్గా కదా..."

"ఆ సయీద్ ముసలాయన కూడా అంతే కదా. మన ఇంట్లో తిన్నాడు కదా. నలుగురూ చూస్తుంటే నీకు చేతులు పనిచెయ్యవు. గొప్పగా కనబడాలి." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇన్నేళ్లు నా తమ్ముడి ఇంట్లో గిన్నెలు తోమా ఫత్తూహ్. మా మరదలు పెట్టింది తిన్నా. దేనికి? నువ్వు మారావని కబురొస్తుందని. సర్లే. పోనీ ఇప్పుడు లెక్కపెట్టు. నా ముందు. నేనొక్కదాన్నే ఉన్నా."

అతను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తియ్యలేదు. తీస్తే సగం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. మిగతా సగం ఏదని ఆవిడ అడుగుతుంది.

"ఇంటికి వెళ్లి చూద్దాంలే," అన్నాడు.

"ఇక్కడ చూడు."

అతను నేల వైపు చూశాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. వచ్చి, ఒట్టు గుర్తొచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఆ క్షణంలో హాగ్గాని, ఎఫెండీని, నా దేవుణ్ణి, అందరినీ తిట్టుకున్నాను.

సమీహా కుర్చీ మీది సంచీ తీసుకుంది. "బాబాయ్ గారూ, వెళ్తున్నా," అని నాకు చెప్పింది. అతనికి చెప్పలేదు. మినీబస్సు వరకూ తలెత్తుకునే నడిచింది. ఎవరూ ఆవిడని వేలెత్తి చూపలేదు, చీటీ పూర్తయింది కదా, పూచీ తీరిపోయింది కదా. ఆవిడ ఏ రోజు కోసం ఎదురుచూసిందో ఆ రోజే వచ్చి, ఆ రోజే వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఫత్తూహ్ పేరు బాగైంది. నిజంగానే బాగైంది. టీ దుకాణంవాడు గ్లాసు పెట్టేముందు చెయ్యి చాపడం మానేశాడు. కొత్త చీటీలో హాగ్గా అతనికి మధ్య వంతు ఇస్తే ఒక్కరూ కిక్కురుమనలేదు. మా వీధి తలుపులు అతనికి తెరుచుకున్నాయి, బల్లలూ కుర్చీలూ వచ్చాయి. పెళ్లి పిలుపులు వచ్చాయి. వెళ్లేవాడు, చదివించేవాడు, ఒక పక్కన కూర్చుని తిరిగొచ్చేవాడు. పరువు ఇంటికి తిరిగొచ్చింది. అది ఎవరి కోసమో ఆవిడే ఆ ఇంట్లో లేదు.

ఒక ఉదయం అతను నా దుకాణం ముందు నిలబడి ఉండగా ఎదురింటి మూడో అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. మిద్హత్ భార్య ఈనాస్. "ఫత్తూహ్ మేస్త్రీ! కాస్త రొట్టెలు తెచ్చి బుట్టలో వెయ్యవా? డబ్బులు అందులోనే ఉన్నాయి!" బుట్టలో నోటు పెట్టింది. ఇదే మనిషి ఒకప్పుడు అతను మెట్ల మీద కనిపిస్తే పర్సు చంకలోకి జరుపుకునేది. ఫత్తూహ్ వెళ్లి వేడి రొట్టెలు తెచ్చి బుట్టలో వేశాడు, చిల్లర వాటి పక్కన పెట్టాడు. "నీ చేతులు చల్లగుండ!" అని పైనుంచి అరిచి తాడు లాక్కుంది. ఆ వేళకి ఆవిడ మొగుడు బ్యాగు పట్టుకుని కొత్త ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఆ ఇల్లు ఎవరి జేబు మీద నిలబడిందో ఆవిడకి తెలియదు.

నేను ఇస్త్రీపెట్టె ఠపీమని పక్కన పెట్టాను.

"ఒరేయ్, నీకు బుద్ధుందా? మన్సూరా ఏమన్నా చంద్రమండలమా? ఒక్క మాట చెప్పు సమీహాకి. హాగ్గా కాదనదు. నేను నీతో వస్తా. నేను సాక్ష్యం చెప్తా. ఆ మాట వింటే ఆవిడ ఆ పూటే వచ్చేస్తుంది."

"వస్తుంది," అన్నాడు. "చెబితే వస్తుంది బాబాయ్. నమ్ముతుంది కూడా. వచ్చాక ఊరుకుంటుందా? ఇన్నేళ్లు నా వల్ల మాటలు పడింది. నా మొగుడు ఇట్లాంటివాడమ్మా అని నలుగురికీ చెప్పుకోవద్దూ? చెప్పుకోవాలి, అది న్యాయం. సాయంత్రానికల్లా ఆ మూడో అంతస్తుకి తెలిసిపోతుంది."

"తెలియనీ! నీకేంటి?"

అతను పైకి చూశాడు. ఈనాస్ బాల్కనీలో లేదు, లోపల ఎవరినో రొట్టెలు చల్లారిపోతున్నాయని పిలుస్తోంది.

"సమీహా బట్టలు సర్దుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను బాబాయ్. బీరువా పై అరలో ఉన్నవి తనకి అందలేదు. నేనే తీసి ఒక్కొక్కటే అందించా. ఇంకొకడు అట్లా నిలబడి అందించడం నేను చూడలేను."

నేను ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. అతను ఇస్త్రీ అయిన చొక్కా చేతి మీద వేసుకుని, డబ్బులు బల్ల మీద పెట్టి, ఇంటి మెట్లెక్కి వెళ్లిపోయాడు.